రెడ్డెమ్మ నడక

“మడమ ముందర. మడమ ఆన్చి, ఆనెక వేళ్లు. తలకాయ యాడికి పోతాంది? ఎత్తు!”

“ఎత్తితిని గదే! ఇంగెంత ఎత్తల్ల, ఆకాశానికా?”

పసారాలో గోడ పట్టుకోకుండా నాలుగడుగులు వేసి రంగనాయకమ్మ ఆగిపోయింది. హమీదాబీ వెనక నుంచి ఒక చెయ్యి ఆమె నడుము మీద, ఒక చెయ్యి పొట్ట మీద ఆనించింది. పొట్టి మనిషి, ఆముదం ఇంకి నల్లబడిన లావాటి మణికట్లు. ఆ చేతుల్లో పనితనం ఉంది కానీ, ప్రేమ వీసమెత్తు లేదు.

“గాలి ఈడిదాకా పీల్చు. మెల్లగా ఇడుసు. కుక్క రొప్పినట్ల రొప్పద్దు.”

“నీ నాలిక తెగ!”

తిట్టడానికైనా ఊపిరి కావాలి కదా. రంగనాయకమ్మ రొమ్ము విరుచుకుని పీల్చింది, తిట్టింది, ఇంకో అడుగు వేసింది.

కర్నూలు నుంచి రాజధానిని హైదరాబాదుకు ఎత్తుకుపోయిన ఏడది. అంతకు రెండేళ్ల ముందు ఆళ్లగడ్డలో రంగనాయకమ్మ మిద్దె మెట్ల మీద జారిపడింది. ఎముకలు అతుక్కున్నాయి, నొప్పి మాత్రం ఉండిపోయింది. నొప్పికి జడిసి ముడుచుకుంది, ముడుచుకుంటే ఊపిరి ఆడలేదు, ఊపిరాడక నడక మానేసింది. నంద్యాలలో డాక్టరమ్మ చూసి, ఇది మందుకు లొంగేది కాదమ్మా, గోడకు వీపు ఆన్చి నిటారుగా నిలబడు, నిండా గాలి పీలుస్తూ రోజూ నడువు అంది. నడిపించే దిక్కెవరు? ఆ నోటికి జడిసి వచ్చిన ప్రతి మనిషీ మర్నాటికి మాయం. కోడలు కమలాక్షమ్మ సరేసరి, అత్త పిలిస్తే పొయ్యి దగ్గర నుంచే పలికేది.

అప్పుడు బాలింతలకు నూనె రుద్ది, పసిబిడ్డలకు నీళ్లు పోసే హమీదాబీ తనంతట తాను వచ్చి, నేను నడిపిస్తానంది. ఊరు ముక్కున వేలేసుకుంది. ఎందుకు వేలేసుకోదూ? ఆమె మొగుడు ఖాజా పీర్ ఈ ఇంట్లోనే బండి తోలేవాడు. పదేళ్ల కింద వక్కిలేరు పొంగిన రాత్రి నీళ్లలో బండితో సహా కొట్టుకుపోయాడు. నంద్యాల టేషన్‌లో తన తమ్ముడు దిగుతాడని, ఏరు పొంగిందన్నా వినకుండా పంపింది రంగనాయకమ్మే. తెల్లారాక మాత్రం, తాగి బండి తోలుకుపోయినాడు, నాకేం తెలుసు అంది.

పెద్దింటి మాట, ఊరంతా నమ్మింది. హమీదాబీ చేతుల్లో పెరిగిన పిల్లలు కూడా పెద్దవాళ్లయి ఆమెను తాగుబోతు పీర్ పెళ్లామనే గుర్తుపట్టేవాళ్లు. కల్లు వాసనే గిట్టని మనిషికి ఆ పేరు! హమీదాబీ ఈ గడప తొక్కింది అందుకే. ఆ మాట ఏ నోట పుట్టిందో ఆ నోటితోనే మింగించాలి. అంతకు మించి ఆమెకీ ముసలిదానితో ఏ పనీ లేదు.

“చెప్పు రెడ్డెమ్మా. మావోడు తాగినాడా?”

“మళ్లా మొదలుపెట్నావా?”

“నువ్వు పొమ్మన్యావా, ల్యాదా?”

రంగనాయకమ్మ కోపంతో మెడ నిలబెట్టుకుని, పసారా దాటి, మూడు మెట్లూ తనే దిగి, వాకిలి గవిని దాకా వెళ్లిపోయింది. హమీదాబీ చెయ్యి వేయలేదు. గవిని తలుపు పట్టుకుని ముసలావిడ వెనక్కి తిరిగింది. ముఖమంతా చెమట, అయినా వీపు నిటారుగా ఉంది.

“అది నేను చెప్తే, రేపు నువ్వొస్తావా?”

హమీదాబీ గతుక్కుమంది. వస్తానంటే ఏం పోయింది? ఒక్క అబద్ధం. కానీ పదేళ్లు అబద్ధం కింద నలిగిన మనిషికి అబద్ధం నోట రాలేదు.

“రాను.”

“ఆఁ. అందుకే చెప్పను,” అంది రంగనాయకమ్మ. “నువ్వు తిట్టకుంటే నాకు కాలు లేయదు. పో, పొద్దెక్కతాంది.”

మంటెత్తిపోయింది హమీదాబీకి. ముసలిది తన పగను ఊతకర్ర చేసుకుని నడుస్తోందన్నమాట! చేతులు కడుక్కుని, చెప్పకుండా వెళ్లిపోయింది. బజారు వీధిలో బాలింతకు నడుము పడుతున్నంతసేపూ పళ్లు నూరుతూనే ఉంది. ఆ పిల్ల, “మెల్లగా అత్తా, సచ్చిపోతాండా,” అని మొత్తుకుంది.

మధ్యాహ్నం కబురొచ్చింది. రంగనాయకమ్మ స్నానం చేసి, కాస్త నడుం వాలుస్తానని చాప మీద పడుకుందట. అన్నానికి లేపబోతే లేవలేదు.

హమీదాబీ వెళ్లేసరికి పసారా నిండా ఆడవాళ్లు. శవం కాళ్ల దగ్గర కూలబడి, ఆ మడమలు రెండూ గట్టిగా పట్టుకుంది.

“ఎంత పని చేస్తివే! ఒగ మాట, ఒక్క మాట చెప్పి పోలేకపోతివా? నన్ను నిలువునా ముంచి పోతివి గదే! వస్తానే, లే! రేపు గూడా వస్తా, ఎల్లుండి గూడా వస్తా, లేసి చెప్పు!”

పక్కన కూర్చున్న పొరుగింటి ఉమామహేశ్వరమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. “సొంత కోడలు గూడా ఇట్ల ఏడ్సల్యా. ఎంత పేమో సూడు,” అంది.

హమీదాబీ ఆమె వైపు చూసింది. కాదని చెప్పడానికి నోరు తెరిచి, ఇక ఈ ఊళ్లో తన మాట వినేదెవరని మూసుకుంది. లేచి పెరట్లోకి వెళ్లింది. శవానికి నీళ్లు తోడుతూ కమలాక్షమ్మ పైకి చూస్తూ నిలబడిపోయి ఉంది.

“రెండేండ్లాయె, తల దువ్వుకునేదానికే చెయ్యి లేయల్యా ఆమెకు,” అంది కోడలు, నమ్మలేనట్టు. “నేను పొయ్యి కాడ ఉన్న్యా. ఎవుర్నీ పిలవల్యా. మునివేళ్ల మీద నిలబడినా ఆ దండెం నాకే అందదు.”

పై దండెం మీద రంగనాయకమ్మ స్నానం చేసి పిండుకున్న నేతచీర, రెండు అంచులూ సమంగా లాగి ఆరేసి ఉంది. కింది కొస నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి.