ఆరు నిమిషాల నమూనా

గురువారం ఉదయం కుక్కరు ఒక పొయ్యి మీద, పాలు మరో పొయ్యి మీద పెట్టి, ఫోనును కిటికీ పక్క అరలో డబ్బాలకు ఆనించి, రికార్డింగు మీట నొక్కాను. ఆ తరువాత రోజూ చేసే పనులే చేశాను. గిన్నెలు కడిగాను, ఒక గరిటె జారవిడిచాను, పాలు పొంగే ముందు వచ్చే సన్నని గుసగుస విని మంట తగ్గించాను. ఆరు నిమిషాలయ్యాక రికార్డింగు ఆపేశాను. అరవై ఒకటో ఏట, జీవితంలో మొదటిసారి, స్పీకర్లు కొనబోతున్న మనిషికి ఇంతకన్న నమ్మదగిన కొలబద్ద దొరకదని నా వాదన.

దుకాణంలో స్పీకరు వినిపించడానికి వేసే పాట, ఆ స్పీకరును గొప్పగా చూపడానికే ఏరిన పాట. అమ్మేవాడెవడూ తన పెరుగు పులుపని చెప్పడు. కాబట్టి అసలు రూపం మనకు ముందే తెలిసిన ధ్వనిని వెంట తీసుకుపోయి, దాన్ని ఆ పెట్టె ఎంత నిజాయితీగా తిరిగి చెబుతుందో చూడాలి. నాకు అక్షరం పొల్లుపోకుండా తెలిసిన ధ్వనులన్నీ వంటింట్లోనే ఉన్నాయి. కుక్కరు రెండో ఈలకూ మూడో ఈలకూ తేడా రెండు గదుల అవతల నుంచి చెప్పగలను. వీధి మలుపులో ఆగిన స్కూటరు మాదో కాదో చెప్పగలను. అత్తగారు మంచాన ఉన్న ఆరేళ్ళూ, గోడకు ఇవతల నిద్రపోతూనే ఆవిడ ఊపిరి లయ తప్పితే లేచి కూర్చునేదాన్ని. ఈ శిక్షణకు జీతం లేదు, పట్టా లేదు. చెవికి ఇంతకన్న కఠినమైన పరీక్షలు మాత్రం ఎక్కడా ఉండవు.

అసలు స్పీకర్ల అవసరం ఎందుకు వచ్చిందో చెప్పాలి. ఆడపిల్లల పాఠశాలలో ముప్పై ఏళ్ళు భౌతికశాస్త్రం చెప్పాను. ఏటా వార్షికోత్సవానికి మైకులు బిగించే పని నా మెడకే చుట్టుకునేది. ‘టీచరుగారికి తీగల సంగతి తెలుసు’ అనేవారు. వేదిక మీద ప్రధానోపాధ్యాయుడు ఉపన్యసిస్తుంటే, వేదిక కింద నేను వదులైన ప్లగ్గును పట్టుకుని కూర్చునేదాన్ని. పోయిన ఏడు డ్రాయింగు టీచరు వీడ్కోలు సభకు రావలసిన డీజే రాలేదు. నా ఫోనును హాలులోని యంత్రానికి తగిలించి పాటలు పెట్టాను. మోకాళ్ళ నొప్పుల గురించి తప్ప మరొకటి మాట్లాడుకోని నలభై మంది ఆడవాళ్ళు, తలుపులు మూసుకుని, రెండు గంటలు ఆడారు. మర్నాడు మా లైబ్రేరియన్ నా దగ్గరికి వచ్చి, “నా రిటైర్మెంటుకు నువ్వే పాటలు పెట్టాలి. లేకపోతే నేను రిటైర్ అవను” అంది. మాట ఇచ్చాను. మరో ముగ్గురు కూడా అడిగారు. సొంత సామాను కారులో వేసుకుని, పిలిచిన చోటికి వెళ్ళి, పాటలు పెట్టి, మధ్యమధ్య మైకులో నాలుగు మాటలు చెప్పి నలుగురినీ ఆడించేవారిని మొబైల్ డీజే అంటారని అప్పుడే తెలుసుకున్నాను. లైబ్రేరియన్ సభకు ఇంకా పది రోజులుంది.

మా ఆయన ఒక కర్మాగారంలో నాణ్యతా తనిఖీ అధికారి. కర్మాగారం ఆయనకు విరమణ ఇచ్చింది, మా ఇల్లు మాత్రం ఇంకా విరమణ ఇవ్వలేదు. కూరలో ఉప్పు దగ్గర నుంచి తలుపు గొళ్ళెం దాకా అన్నీ ఇప్పటికీ ఆయన తనిఖీ కిందికే వస్తాయి. సంగతి విని, “మూడు ప్రోగ్రాములు. ఆ తర్వాత వాటి మీద బట్టలారేస్తావు” అని తీర్పు చెప్పారు. మా ఆడపడుచు ఫోనులో, కాలక్షేపానికి కుట్లూ అల్లికలూ ఉన్నాయి కదా వదినా అంది. అత్తగారు ఉండి ఉంటే తన పాత సూత్రమే మళ్ళీ వినిపించేవారు: ఆడదాని గొంతు గడప దాటకూడదమ్మాయ్. ఆ సూత్రం చెప్పే గొంతు మాత్రం వీధి చివరిదాకా వినబడేది.

వద్దని ఆయన అనలేదు. అదే చిక్కు. “కొనేది నేను చూసి కొంటాలే. నువ్వు రంగు చెప్పు” అన్నారు. మా ఇంట్లో టీవీ, ఫ్రిజ్, కారు అన్నీ అలా వచ్చినవే. ఎంచుకున్నది ఆయన, తుడిచేది నేను. ఈ పెట్టె కూడా ఆయన ఎంపికగా గడప తొక్కితే, లైబ్రేరియన్ సభలోనూ నేను మళ్ళీ ప్లగ్గు పట్టుకుని కూర్చునే మనిషినే అవుతాను. నా పింఛనుతో కొంటున్న ఈ ఒక్క వస్తువునైనా నా చెవితో ఎంచుకోవాలని గట్టిగా అనుకుని, ఫోను సంచిలో వేసుకుని ఆయనతో బయలుదేరాను.

దుకాణం యజమాని నా ఈడువాడే. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని కూర్చున్నాడు. నేను అడిగిన ప్రశ్న ప్రతిదీ దారి మళ్ళి మా ఆయన దగ్గరికి జవాబుగా చేరేది. పెద్ద స్పీకరు ఎన్ని వాట్లని నేను అడిగితే, “వెయ్యి వాట్లు సార్. వీధి వీధంతా వినిపిస్తుంది” అన్నాడు ఆయనతో. ఆయన దాని వీపు తట్టి, ఇదే ఖాయమన్నట్టు తల ఊపారు.

పాఠం చెప్పే గొంతు నాకింకా పోలేదు. పెట్టె మీద వేసిన అంకె రెప్పపాటు సేపు ఇవ్వగల శక్తి అనీ, రెండు గంటలు ఆగకుండా ఎంత ఇస్తుందో అది చెప్పమనీ అడిగాను. వాట్లు రెట్టింపు చేస్తే మోత రెట్టింపు కాదనీ, చెవికి ఆ తేడా అంతంతమాత్రమేననీ కూడా చెప్పాను. యజమాని కళ్ళజోడు నుదుటి మీద నుంచి ముక్కు మీదికి దిగింది. అక్కడి నుంచి జవాబులు నాకే రావడం మొదలుపెట్టాయి.

“బరువెంత?” అన్నాను.

“ఇరవై ఆరు కిలోలమ్మా. మోయడానికి మనుషులుంటారుగా.”

“ఆ మనిషిని నేనే.”

పక్కనే ఇంకొకటి ఉంది. చిన్నది, పధ్నాలుగు కిలోలు. పెట్టె మీద అంకె కూడా చిన్నదే. మా ఆయన దానివైపు కన్నెత్తి చూడలేదు. చెవులు అబద్ధం చెప్పవంటారు. చెబుతాయి, ఏం వినాలో కళ్ళు వాటికి ముందే చెప్పి ఉంచుతాయి. అందుకని ఆయన్ని ఒకటే అడిగాను: ఫ్యాక్టరీలో తయారుచేసినవాడి పేరు చూసి ముద్ర వేసేవారా అని. ఆయనకు రోషం వచ్చింది.

“లేబుల్ కప్పేసి చూసేవాళ్ళం. నన్నెవరనుకున్నావు?”

“అయితే అటు తిరగండి.”

తిరిగారు. రెండు స్పీకర్ల మోతనూ ఫోనులోని మీటరుతో సమానం చేశాను. కొంచెం ఎక్కువ మోగేదే మంచిదనిపించడం చెవికున్న పాత బలహీనత. ఈ మాట చెబుతుంటే యజమాని దగ్గాడు. నాణెం ఎగరేస్తే పెద్దదాని వంతు ముందు వచ్చింది. గోడవైపు తిరిగి నిలబడ్డ మా ఆయనకు ‘ఒకటి’ అని చెప్పి, వంటింటి రికార్డింగు మొదలుపెట్టాను.

కుక్కరు ఈల మొద్దుబారి వచ్చింది. కుళాయి నీళ్ళు కంకర కుమ్మరించినట్టు పడ్డాయి. అంతలో, ఆ పెట్టె గుండెల్లోంచి, దుకాణం అద్దాలు అదిరేటట్టు ఒక గొంతు వచ్చింది.

“ఏమోయ్, కళ్ళజోడు.”

నేను ఉలిక్కిపడ్డాను. ఆ రికార్డింగును ఇంట్లో మూడుసార్లు ఫోనులో విన్నాను. ఆ గొంతు లేదు. కారణం తట్టడానికి క్షణం పట్టింది. అది మా ఆయన గొంతే. పిలిచింది ముందుగదిలోంచి. గోడ ఆ గొంతులోని సన్నదనాన్ని మింగేసి, బొంగురును మాత్రమే ఇవతలికి వదిలింది. గోరంత ఫోను స్పీకరుకు ఆ బొంగురు పలికించే శక్తి లేదు. కాబట్టి ఫోనులో నేను విన్నది ఈలనూ, కుళాయినీ, నడుమనడుమ ‘వస్తున్నా, వస్తున్నా’ అంటున్న నా గొంతునూ. ఎవరూ పిలవకుండానే ఒక మనిషి వస్తున్నానని నాలుగుసార్లు అంటోంది. మూడుసార్లు విని కూడా అది నాకు వింతగా తోచలేదు. తేలని విషయాన్ని తేలలేదనే చెప్పాలని పిల్లలకు ముప్పై ఏళ్ళు నేర్పినదాన్ని, నా సొంత దత్తాంశంలో ఇంత పెద్ద ఖాళీని చూడలేకపోయాను.

స్పీకరు తన పని తాను చేసుకుపోతోంది. “ఏమోయ్, ఫ్యాను.” కాసేపటికి, “ఏమోయ్, ఈ వార్త విన్నావా.” చివరిది ఏ పనీ లేని పిలుపు, ఉత్త “ఏమోయ్.” ఈసారి నా జవాబులు లేవు. ఆ హోరు అడుగున ఎక్కడో కాగితం నలిగినట్టు ఏదో కదిలిందంతే.

మా ఆయన వెనక్కి తిరగలేదు గాని చెవులు ఎర్రబడ్డాయి. యజమాని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, “మా ఇంట్లోనూ ఇదే పాటండీ. రోజూ ఉంటుంది” అన్నాడు.

రెండోది వినిపించాను. ఈల ఈలలాగే వచ్చింది. పాలు పొంగబోయే ముందటి గుసగుస, నేను తప్ప ఈ లోకంలో ఎవరూ పట్టించుకోని ఆ ధ్వని, దుకాణం మధ్యలో స్పష్టంగా వినబడింది. “ఏమోయ్, కళ్ళజోడు.” “వస్తున్నా.” “ఏమోయ్, ఫ్యాను.” “వస్తున్నా.” రెండు గొంతులూ దేని చోట అది నిలబడి మాట్లాడుకుంటున్నాయి. నాలుగోసారి ఆయన పిలుపు పూర్తి కాకముందే నా జవాబు మొదలైపోయింది. ఎంత తొందరో.

రికార్డింగు ఆగింది. ఆయన గోడతో అన్నారు:

“నేను ఇన్నిసార్లు పిలుస్తానా?”

“ఇది ఆరు నిమిషాల నమూనా. సరుకు లాట్ మొత్తం సంగతి మీకే తెలియాలి.”

ఆయన మీద నాకు వంద ఫిర్యాదులున్నాయి గాని, తనిఖీలో ఆయన ఏనాడూ అబద్ధం రాయలేదు.

“రెండోది తీసుకో” అన్నారు చివరికి. “మొదటిదాంట్లో నువ్వు లేవు.”

చిన్నవి రెండు, వాటికి స్టాండ్లు, ఒక మైకు తీసుకున్నాను. రంగు ఎవరూ అడగలేదు. యజమాని ఎవరినో కేకేయబోతుంటే ఆపి, ఒక పెట్టెను నేనే ఎత్తాను. ఆరేళ్ళు అత్తగారిని మంచం మీది నుంచి కుర్చీలోకి, కుర్చీలో నుంచి మంచం మీదికి ఎత్తిన చేతులివి. ఆవిడ ముప్పై ఎనిమిది కిలోలు, పైగా పిడి ఉండేది కాదు. దీనికి రెండు పిడులున్నాయి, తిట్టదు కూడా. రెండో పెట్టె ఆయన ఎత్తి, కారు దాకా వెళ్ళేలోపు ఒకసారి కింద పెట్టారు. నేను చూడనట్టు నటించాను.

లైబ్రేరియన్ సభ ఆదివారం మధ్యాహ్నం. గంట ముందే వెళ్ళాను. జనం లేని హాలు ప్రతి మాటనూ రెండుసార్లు చెబుతుంది. మనుషులు వచ్చి నిండితే వాళ్ళ ఒళ్ళూ బట్టలూ ఆ ప్రతిధ్వనిని తాగేస్తాయి. ఆ సంగతి మనసులో పెట్టుకుని, వంటింటి రికార్డింగు వేసి మీటలు సరిచేశాను. లైబ్రేరియన్ ఆగలేక అప్పుడే వచ్చేసి, చెప్పులు విప్పి, చివరి వరుసలో కూర్చుంది. ఆఖరిదాకా వినబడితే చెయ్యెత్తుతానంది. నేను మైకు ఆన్ చేశాను.

అప్పుడే మా ఆయన, నేను కారులో మరిచిపోయిన కరెంటు బోర్డు చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చి ఆగారు.

“ఏమోయ్, ఇది తీసుకో.”

ముప్పై అయిదేళ్ళ మాట నాలుక చివరికి దానంతటదే వచ్చేసింది. ఆయన పిలుపు పూర్తయ్యేదాకా ఆగాను. మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నాను.

“మీరే రండి” అన్నాను.

చివరి వరుసలో లైబ్రేరియన్ చెయ్యెత్తింది.