ప్లస్ గుర్తుల కిటికీలు

కొత్తపేట బస్టాండు వెనక ఎరువుల కొట్టు మీద మేడగదిలో మంగరాజు కంప్యూటరు సెంటరు పెట్టి రెండేళ్ళయింది. 1989 వేసవినాటికి ఆ చుట్టుపక్కల ప్రోగ్రాములు రాసి బతుకుతున్నవాళ్ళు ముగ్గురే ముగ్గురు, ముగ్గురూ ఆ గదిలోనే ఉండేవారు. మంగరాజు రైసుమిల్లులకి రాసేవాడు. సుందరరావు గ్రంథాలయానికీ, పాల సంఘానికీ రాసేవాడు. వీరలక్ష్మి బడులకి మార్కుల ప్రోగ్రాములు రాసేది. మిషన్లకి దుమ్ము పడదని గది బయటే చెప్పులు విప్పించి, కాళ్ళు తుడిపించి మరీ లోపలికి రానిచ్చేవారు.

హైదరాబాదు నుంచి కృపావతి ఆ మెట్లెక్కింది ఈ ముగ్గురి కోసమే. ఆమె సంచిలో నాలుగు ఫ్లాపీలు, వాటినెలా వాడాలో టైపు కొట్టిన నూటిరవై పేజీల పుస్తకం ఉన్నాయి. ఆ ఫ్లాపీల్లో ఉన్నది రెండున్నరేళ్ళ కష్టం. అప్పట్లో తెర మీద ఒక కిటికీ చూపించాలన్నా, మెనూ పెట్టాలన్నా ప్రోగ్రాము రాసేవాళ్ళు గీత గీతా తామే గీసుకోవాలి. కృపావతి వాటన్నిటినీ ముందే తయారుచేసి ఉంచింది. వడ్రంగి ఇంటింటికీ కర్ర కోసి చిత్రిక పట్టకుండా, చేసి ఉన్న ద్వారబంధం తెచ్చి నిలబెట్టినట్టన్నమాట. ప్రోగ్రాములో ఒక పేరు రాస్తే చాలు, కిటికీ వచ్చి తెర మీద నిలబడాలి. ఆమె పనిచేసే కంపెనీలో అందరూ దాన్ని పెట్టె అనేవారు.

పెట్టె బజారుకి వెళ్ళేముందు వాడే వాళ్ళ చేత పరీక్ష చేయించాలని పట్టుబట్టింది ఆమే. డైరెక్టరుగారు సరేనన్నారు. బయటి ప్రోగ్రామర్ల దగ్గర మూడు అభిప్రాయాలు సంతకాలతో పట్టుకురమ్మన్నారు. బాగుందని వస్తే సోమవారం నుంచే కాపీలు తీయించడం మొదలెడతామనీ, ఆ విభాగానికి ఆమెనే పెద్దని చేస్తామనీ మాటిచ్చారు. బాగాలేదని వస్తే ఏమవుతుందో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. హైదరాబాదులో తెలియకపోతే పక్క సీటువాణ్ణి అడగొచ్చు. కొత్తపేటలో పుస్తకమే దిక్కు. అందుకనే ఇక్కడికొచ్చింది. పైగా పక్క ఊళ్ళోనే చిన్నాన్న సాలమోను ఇల్లు.

ఆమె వాళ్ళకి ఇచ్చిన పని చిన్నదే. పిల్లవాడి పేరు, నంబరు, మార్కులు ఎక్కించడానికి ఒక కిటికీ, దాని పైన ఒక మెనూ. పెట్టె వాడి అది చెయ్యాలి. మర్నాడు సాయంత్రం వరకూ టైము. మీరు ప్రయాణం చేసొచ్చేరు, ఇంటికెళ్ళి నడుం వాల్చండి, మేం చూసుకుంటాం అని కొబ్బరిబొండం తాగించి మరీ ఆమెని పంపించేశారు.

మర్నాడు సాయంత్రం ఆమె వచ్చేసరికి మూడు మిషన్ల మీద మూడు కిటికీలు సిద్ధంగా ఉన్నాయి. పేర్లెక్కుతున్నాయి, మార్కులెక్కుతున్నాయి. మూడు కాగితాల మీద "చాలా సులువుగా ఉన్నది" అని రాసి సంతకాలు కూడా చేసేశారు. కృపావతికి ఒళ్ళు పులకరించింది. కాగితాలు సంచిలో పెట్టుకుని, వెళ్ళేముందు వీరలక్ష్మి తెర ఇంకోసారి చూసుకుందామని వంగింది.

కిటికీ నాలుగు మూలల్లో నాలుగు ప్లస్ గుర్తులున్నాయి.

ఆమె పెట్టెలోని కిటికీలకి ప్లస్ గుర్తులుండవు. జంట గీతలు మూలలో అతుక్కుని తిరుగుతాయి. ఆ అతుకు కుదరడానికే ఆమెకి వారం పట్టింది. గబగబా ప్రోగ్రాము తెరిచి చూసింది. మొదటి వరస నుంచి చివరి వరస దాకా పెట్టెలోని పేరు ఒక్కటి లేదు. అరవై వరసలు చేత్తో గీసిన గీతలు. సుందరరావుదీ అంతే, మంగరాజుదీ అంతే. ఎవరూ పెట్టె వాడలేదు.

మంగరాజు గోడమీది కేలండరు కేసి చూస్తూ నిలబడ్డాడు. సుందరరావుకి ఉన్నట్టుండి ఫ్యానుతో పనిపడింది. చివరికి వీరలక్ష్మే నోరు విప్పింది.

"అంత దూరం నుంచి వచ్చేరు కదండీ. మొహమ్మీద రావట్లేదని ఎలా చెప్తామండీ?"

"ఎక్కడ రాలేదు?"

"అబ్బే, పెట్టె బాగానే ఉందండి. మాకే చేతకాలేదండి."

కృపావతి ఎన్ని రకాలుగా అడిగినా ముగ్గురూ అదే మాట. తప్పంతా మాదేనండి, ఆయ్, మీది చాలా బాగుందండి. ఇంతకన్నా తిట్టినా బాగుండుననిపించిందామెకి.

ఇంటికెళ్ళేసరికి సాలమోను వరండాలో కూర్చుని మర్నాటి పెళ్ళికి మసాలా దినుసులు ఏరుతున్నాడు. ముప్పయ్యేళ్ళుగా కపిలేశ్వరపురం దాకా ఏ చర్చిలో పెళ్ళయినా వంట ఆయనదే. అన్నకూతురు మొహం చూసి సంగతి అడిగాడు. అంతా విని, ఒక లవంగం పక్కన పడేసి అన్నాడు.

"పిచ్చిదానా, పంక్తిలో కూచున్నోణ్ణి కూరెలా ఉందంటే బాగుందనే అంటాడు. నేనెప్పుడూ అడగను. ఎత్తేసిన విస్తళ్ళు చూస్తాను. ఏది వదిలేసేడో అందులో ఉంటది నా తప్పు."

తర్వాత ఆయనే ఇంకోమాటా అడిగాడు. కాగితాలెలాగూ సంచిలో ఉన్నాయి కదా, పట్టుకెళ్ళి ఇచ్చేస్తే పెద్ద ఉద్యోగం ఇస్తారు కదా అని. కృపావతి ఆ కాగితాలు బయటికి తీసి చూసుకుంది. ఇస్తారు. తర్వాత ఏ ఊళ్ళోనో ఎవరో ఆ పెట్టె కొనుక్కుని, రెండ్రోజులు తిప్పలుపడి, నాకే చేతకాలేదనుకుని మూల పడేస్తారు. ఆ మాట కనీసం ఆమెకి తెలియను కూడా తెలియదు. రెండున్నరేళ్ళ కష్టం ఎవరిదో బీరువా కింద దుమ్ము పట్టిపోతుంది. అలా జరగనివ్వకూడదని గట్టిగా అనుకుంది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి మంగరాజునీ వీరలక్ష్మినీ ఒకే మిషను ముందు కూర్చోబెట్టింది. ఒకరు పుస్తకం చదవాలి, ఒకరు కొట్టాలి, ఇద్దరూ పైకే మాట్లాడుకోవాలి. తను వెనకాల స్టూలు మీద నోటుపుస్తకంతో కూర్చుంది. ఇవాళ నేనిక్కడ లేననుకోండి, ఏమడిగినా పలకను అని ముందే చెప్పేసింది.

మొదటి అరగంటా ఆయ్, అలాగేనండి అంటూ ఎంతో మర్యాదగా నడిచింది. కానీ గోదావరి మనిషి మర్యాద అతిథి దగ్గర. పక్కనున్న తనవాళ్ళ దగ్గర వెటకారం ఆపుకోవడం ఎవరి తరం? పెట్టె మొరాయించి తెర రెండోసారి నల్లబడేసరికి ఇద్దరూ వెనకున్న మనిషిని మర్చిపోయారు.

"పదకొండు అంకెలడుగుతోందండి మంగరాజుగారూ. కిటికీకా, జాతకానికా?"

"ముందు అడ్డమిచ్చేరా, నిలువిచ్చేరా?"

"అడ్డమండి. ఎవరైనా అడ్డమే కదండీ ఇస్తారు."

"నిలువంట. తొంభై ఆరో పేజీలో ఉంది."

"కిటికీ తెరవడం రెండో పేజీలో, కొలతలు తొంభై ఆరులోనా? మధ్యలో అమలాపురం వెళ్ళొచ్చెయ్యొచ్చండి."

"ఇప్పుడు మళ్ళీ నల్లబడింది. తప్పేంటంటోంది?"

"ఏం అంటల్లేదండి. కొత్తల్లుడు. ఏం తక్కువైందో చెప్పడు, అలిగి కూచుంటాడు."

వెనకాల కృపావతికి జవాబు నాలిక చివరే ఉంది. ఆరో అంకె, ఆరో అంకె చూడండి అని అరవాలనిపించింది. స్టూలు అంచు రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. ఒక్కమాట సాయం చేసినా ఆ సాయం ఫ్లాపీలో పెట్టి పంపలేం కదా. పెదవి కరుచుకుని రాస్తూ కూర్చుంది. తెర నల్లబడింది పద్నాలుగుసార్లు. పద్నాలుగుసార్లూ మిషను ఆర్పి వెయ్యాల్సొచ్చింది. మధ్యాహ్నం సుందరరావుని విడిగా కూర్చోబెట్టింది. అతనూ ముందు అడ్డమే ఇచ్చాడు, అతనూ తొంభై ఆరో పేజీ చూడలేదు, అతనికీ తెర నల్లబడింది. ముగ్గురూ వరసగా ఒకే గోతిలో పడ్డారు. ఆ గొయ్యి ఎవరు తవ్వారో కృపావతికి వేరే చెప్పక్కర్లేదు.

సాయంత్రం కింద ఎరువుల కొట్టు నుంచి హైదరాబాదుకి ట్రంకుకాల్ చేసింది. గంటన్నరకి లైను దొరికింది. కాపీలు మొదలెట్టద్దంది, మార్చడానికి మూడు నెలలు కావాలంది. డైరెక్టరుగారు విసుక్కున్నారు. ప్రోగ్రామర్లన్నాక పుస్తకం చదువుకోవాలన్నారు. అసలు సంతకాలు దొరికాయో లేదో చెప్పమన్నారు.

"దొరికేయండి. కానీ అవి నేనివ్వనండి. అవి నా మొహం చూసి రాసినవి."

 ఆయన లెక్కగా చెప్పారు. ఆరు వారాలకన్నా ఒక్కరోజు ఎక్కువ ఇవ్వరు. విభాగానికి పెద్దగా వేరేవాళ్ళని వేస్తారు, ఆమె వాళ్ళ కింద పనిచెయ్యాలి. ఒప్పుకుంటుందా?

కొట్టువాడు యూరియా బస్తాలు లెక్కపెట్టడం ఆపి ఆమె కేసే చూస్తున్నాడు. కృపావతి గోడవైపు తిరిగింది. రెండున్నరేళ్ళు తను పెంచినదాని మీద ఇంకెవరో వచ్చి కూర్చుంటారు.

"ఒప్పుకుంటానండి. ఆరు వారాల్లో చేస్తాను. మొదటి రెండు వారాలు మాత్రం ఇక్కడే ఉంటాను."

మూడో మిషను ఆమెకిచ్చేశారు. పదకొండు అంకెల్లో ఏడింటిని పెట్టె తనంతట తనే వేసుకునేట్టు మార్చింది. మిగిలిన నాలుగు మాత్రం రాసేవాళ్ళు ఇస్తే చాలు, అడ్డం ముందు, నిలువు తర్వాత. తప్పు ఇస్తే తెర నల్లబడడం మానేసి, ఫలానా వరసలో ఫలానా అంకె కుదరలేదని చెప్పేట్టు చేసింది. రెండూ కలిపి అయిదు రోజులు పట్టింది. తొంభై ఆరో పేజీ చింపి రెండో పేజీలో అంటించింది. రోజూ మధ్యాహ్నం మంగరాజు భార్య అందరికీ మజ్జిగ పంపించేది. ఒకరోజు అది కూడా తాగడం మర్చిపోయి పనిచేసింది.

ఆరో రోజు పొద్దున్న వీరలక్ష్మి కొత్త ఫ్లాపీ పెట్టి కొట్టడం మొదలెట్టింది. తొలిసారి తప్పు ఇచ్చింది, తెర ఏం తప్పో చెప్పింది, దిద్దుకుంది. కిటికీ వచ్చి నిలబడింది. ఇంతకుముందు ఒక పూటంతా పట్టిన పని తొమ్మిది నిమిషాల్లో అయింది. సుందరరావు లేచొచ్చి చూశాడు. మంగరాజు ఆయ్ ఆయ్ అన్నాడు.

వీరలక్ష్మి తరవాత మెనూ జోలికెళ్ళింది. ఒకసారి చూసింది, పుస్తకం తిప్పింది, మళ్ళీ కొట్టింది. కుర్చీ వెనక్కి జరిపి తిన్నగా కృపావతి మొహంలోకి చూసింది.

"మెనూ ఏం బాలేదండి."

మంగరాజు ఉలిక్కిపడ్డాడు. కృపావతి అప్పటికే లేచి ఆమె పక్కకొచ్చేసింది.

"ఎక్కడ? చేసి చూపించండి. నేను మాట్లాడను."