పుస్తకం మూసి నేర్చుకున్న పాఠం

ఎనభై నాలుగులో, ప్రత్తిపాడు దగ్గరి ఊళ్లో సంజీవరావు మాస్టారు అయిదో తరగతిలో సగంమంది చేత పాఠం వల్లె వేయించారు. మిగతావాళ్లను పుస్తకం మూసి, గుర్తున్నది ఒకరికొకరు చెప్పుకోమన్నారు. ఎవరికి ఎక్కువకాలం గుర్తుంటుందో చూడాలని ఆయన ఆశ. ఈలోగా మిరపకోతలు వచ్చి, పిల్లలంతా కూలికి పోవడంతో పరీక్ష పెట్టేనాటికి బడి ఖాళీ అయింది.

ఆయన చేలోకే వెళ్లారు. వల్లె వేసిన పుల్లమ్మ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది. పుస్తకం మూసి నేర్చుకున్న ఎలీసమ్మ కాయలు కోస్తూనే పాఠమంతా చెప్పింది.

"ఎంత బాగా గుర్తుందే! సోమవారం బడికి రామ్మా," అన్నారు మాస్టారు సంబరంగా.

"దాన్ని బడి మాన్పించామండీ," అంది పక్కనే కోస్తున్న ఎలీసమ్మ తల్లి ఆదెమ్మ. "ఆ పాఠాలు కూడా మర్చిపోతే బాగుండు. పడుకునేప్పుడు చెప్పుకుని ఏడుస్తందండీ."

ఎలీసమ్మ తలెత్తలేదు. మాస్టారు ఖాళీ బడికి తిరిగొచ్చి కూర్చుండిపోయారు.