గిర్నికి దిష్టి

కుక్కను తెస్తానని మా కల్పన అన్న రోజు నేను మొదట అడిగింది, కరిస్తే బొడ్డు చుట్టూ ఇంజెక్షన్లు ఇప్పటికీ పొడుస్తున్నారా అని.

"ఇప్పుడు చేతికే ఏస్తున్నరమ్మా" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. చేతికి వేసినా కరిచినట్టే కదా.

చెంగిచెర్ల అవతల దిక్కులేని కుక్కలను సాకే ఆశ్రమం ఒకటుంది. అరుణకుమారి అని ఒకావిడ నడుపుతుంది. సెలవు దొరికితే చాలు, మా బిడ్డ అక్కడికి పోయి కుక్కలకు స్నానాలు చేయిస్తుంది. ఇంట్లో తన ప్లేటు తాను కడగదు. అక్కడి నుంచే ఒక శనివారం ఆటోలో దిగింది. చేతిలో తాడు, తాడు చివర ఎర్రమట్టి రంగు కుక్క.

అది లోపలికి వస్తూనే సోఫా ఎక్కింది, దిగింది, మంచం కింద దూరి అటు తేలింది, వంటింట్లో పిండి డబ్బా దొర్లించి ముక్కు తెల్లగా చేసుకుని వచ్చి మా ఆయన ఒళ్ళో కూర్చుంది. ఆయన చెయ్యి ఎత్తి నిమిరేలోపు మళ్ళీ సోఫా మీద ఉంది.

మా ఆయన రాజయ్యకు నాచారంలో మిషన్ల కంపెనీలో పని. ఏది చూసినా మిషనే గుర్తొస్తుంది. "ఇది కుక్క గాదే, పిండి గిర్ని. కరెంటు పోతె తప్ప ఆగేటట్టు లేదు" అన్నాడు. ఆశ్రమంలో దానికేదో ఇంగ్లీషు పేరు పెట్టారు గానీ మా ఇంట్లో అది గిర్ని అయిపోయింది.

ఆశ్రమం వాళ్ళ షరతు ఏమిటంటే రెండు వారాలు ఉంచుకుని చూడాలి. కుదరకపోతే వాపసు ఇవ్వొచ్చు.

"ఇంతకుముందే రెండిండ్లకు వోయి వాపసొచ్చిందమ్మా. ఆగదు, దుంకుతదని పంపేసిన్రు. మనం గూడ పంపితె ఇంక ఎవ్వలకియ్యరట. గా ఆశ్రమం జాలీల్నే ముసల్దైపోతది" అంది కల్పన. అంటూ నా మొహం చూడలేదు, కుక్క చెవులే సవరిస్తూ కూర్చుంది.

"రెండిండ్లోళ్ళు పిచ్చోళ్ళా? ఏం జూసి పంపిన్రో" అన్నాను నేను.

ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. మేడ మీది నుంచి దూకుతుందేమో. గ్యాస్ పైపు కొరికితే ఇల్లు లేచిపోతుంది. వాటర్ క్యాన్ అబ్బాయిని కరిస్తే పోలీసులు వస్తారు, వస్తే మా ఆయన ఇంట్లో ఉండడు, వాళ్ళతో నేనే మాట్లాడాలి. అది మాత్రం వీటిలో ఒక్కటీ చెయ్యలేదు. నేను అనుకోనివే చేసింది. ఆరేసిన నా లంగా నోట కరుచుకుని బజారంతా తిరిగి వచ్చింది.

పొద్దున కల్పన ఉప్పల్లో ఆఫీసుకు పోతుంది కాబట్టి దాన్ని తిప్పే పని నా నెత్తిన పడింది. చిల్కానగర్ దాకా పోయి వచ్చేసరికి నా చెప్పు ఒకటి ఎక్కడో మిగిలిపోయేది.

"ఏంటి వదినగారూ, పరుగుపందెంలో చేరారా?" అని పక్కింటి రత్నకుమారిగారు గేటు పట్టుకుని నవ్వేవారు. వాళ్ళది కాకినాడ వైపు. నవ్వినా మర్యాదగానే నవ్వుతారు.

అట్లా వారం దాటాక ఆదివారం అమావాస్య పడింది. మర్నాడు మా సందు చివర నాలుగు దారుల దగ్గర సంగతి చెప్పాలా? పగిలిన గుమ్మడికాయలు, కుంకుమ పూసిన నిమ్మకాయలు, కొబ్బరిచిప్పలు. ఎవరెవరి పీడలో! నేను చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని గోడవారగా నడుస్తున్నాను. గిర్ని ఒక్క గుంజు గుంజింది. తాడు జారిపోయింది. అది పోయి పసుపు కుంకుమల కొబ్బరిచిప్ప నోట పట్టుకుని నేరుగా మా ఇంటికి ఉరికి, గడప మీద పెట్టి, తోక ఊపుతూ కూర్చుంది. ఏదైనా తెచ్చి గడప మీద పెడితే బిస్కెట్ ఇస్తారని దానికి నేర్పింది మా బిడ్డే.

పసుపునీళ్ళతో గడప కడుగుదామని నేను లోపలికి పరుగెత్తి వచ్చేసరికి నిమ్మకాయ కూడా వచ్చింది. తర్వాత ఎర్రగుడ్డ మూట. బస్తీ పీడంతా కొరియర్ వేసినట్టు మా గుమ్మంలో దిగుతోంది.

నా కేకలకు రత్నకుమారిగారు వచ్చారు. వచ్చి, చూసి, నాకంటే పెద్ద కేక వేశారు.

"వదినగారూ, ఆ చిప్ప మాదండీ! మనవడు పాలు కక్కుతుంటే దిష్టి తీసి పడేశాం. అది అక్కడే ఉండాలండీ! మీ కుక్క వెనక్కి తెచ్చేస్తే మళ్ళీ మా వాడి మీదికే వస్తుంది!"

"మా గడప మీదుంటె మీ మీదికెట్లొస్తదమ్మా? మా మీదికే గదా!"

"తీసింది మా వాడికండీ!"

"వడ్డది మా ఇంట్ల గదా!"

ఎవరి పీడో మేం తేల్చుకునేలోపు గిర్ని కొబ్బరంతా తినేసింది.

కల్పనకు ఫోన్ చేశాను. "ఇయ్యాల్నే తోలుకపో. నాతోని గాదు."

పోట్లాడుతుందనుకున్నాను. "సరే అమ్మా, సాయంత్రం తీస్కవోత" అని పెట్టేసింది. అరిచి ఉంటే బాగుండేది.

ఇంక కీడు ఎవరికి జరుగుతుందా అని కూర్చున్నాను. మా ఆయనకు ఫోన్ చేసి లారీలను చూసుకోమన్నాను.

"కంపెనీ లోపట కూసున్ననే. ఈడికి లారీ ఎట్లొస్తది?"

"వచ్చేదుంటె వస్తది" అన్నాను.

మధ్యాహ్నం బియ్యం ఏరుతుంటే ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందనిపించింది. గిర్ని మంచం కింద పడుకుని ఉంది. చుట్టూ కక్కుకుంది. కిటికీలో కాకి అరిచినా తల ఎత్తలేదు. బిస్కెట్ డబ్బా ఆడించాను. తోక ఒక్కసారి కదిలి ఆగిపోయింది. ఒక్క పూట ఇది ఆగితే చాలు స్వామీ అని రోజూ మొక్కుకున్నాను. ఆగింది.

నాకప్పుడు అర్థమైంది. రత్నకుమారిగారి మనవడి పీడా, బస్తీ పీడా మా మీద పడకుండా ఇదే మింగేసింది.

చీర కొంగులో చుట్టి ఆటోలో నాచారం పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె కడుపు నొక్కి చూసి, "కొబ్బరి బాగా తిన్నది. సూది ఇస్తున్న, సాయంత్రానికి లేస్తది" అంది.

"ఉత్త కొబ్బరి గాదు మేడం, దిష్టి కొబ్బరి."

"ఏ కొబ్బరైనా కుక్కకు అంతంత అరగదమ్మా."

చదువుకున్నవాళ్ళు అట్లాగే అంటారు. సూది వాళ్ళు వేశారు, మిగిలింది నేను చేయాలి. ఇంటికి వచ్చి గుప్పిట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకుని దాని చుట్టూ తిప్పడం మొదలుపెట్టాను. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, దారిన పోయేవాళ్ళ దిష్టి. కల్పనకు చిన్నప్పటి నుంచి తీసిన అలవాటు, నోరు దానంతటదే పోతోంది. తల్లి దిష్టి, తండ్రి దిష్టి అని కూడా అనేశాను. అన్నాక చెయ్యి ఆగింది. దీన్ని పది రోజులుగా చెడ్డ చూపు చూసింది నేనే కదా. ఆ మాట ఇంకొకసారి గట్టిగా అని, మళ్ళీ మొదటి నుంచి తిప్పాను.

"అమ్మా, ఏం జేస్తున్నవ్?"

గుమ్మంలో కల్పన. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. వెనకే వాళ్ళ నాన్న.

"నడ్మ మాట్లాడొద్దు, ఆగు."

సూది పనిచేసిందో, ఉప్పు పనిచేసిందో, గిర్ని లేచి నా గుప్పిట వెంట గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. మిరపకాయలు దాని నోట పడకుండా పరుగెత్తి పోయి పొయ్యి మీద పెనంలో వేశాను. ఎంత దిష్టి తగిలితే అంత తక్కువ ఘాటు వస్తుందంటారు.

"సూసినవా, జర గూడ ఘాటు రాలే" అన్నాను.

"ఎందుకు రాలే? దగ్గలేక సస్తున్న" అన్నాడు మా ఆయన కిటికీ తెరుస్తూ.

కల్పన తాడు చేతికి చుట్టుకుంది. "ఆటో ఆపొచ్చినమ్మా. తీస్కవోదునా?"

"సూది ఏసుకున్నదాన్ని గా గుంతల తొవ్వల ఊపుకుంట తీస్కవోతవా? ఏమన్నయితె?"

"రేపు?"

"రేపు మంగళారం."

"మరి ఎల్లుండా?"

"దిష్టి దీసినంక ఎవలన్న బయటికి పంపుతరానే? నువ్వు జెరమొచ్చి లేస్తె నిన్ను పంపిన్నా?"

కల్పన తాడు అక్కడే వదిలేసి నా మెడ పట్టుకుంది. దాంతో గిర్ని కూడా ఎగిరి నా మెడ పట్టుకుంది. కింద పడి తుంటి విరిగేదే, మా ఆయన అడ్డం వచ్చాడు.

గిర్నిని ఉంచుకుంటున్నామని కల్పన చెప్పినట్టుంది, కాసేపటికి ఆశ్రమం అరుణకుమారి ఫోన్ చేసి నాతోనే మాట్లాడతానంది.

"చాలా సంతోషమమ్మా! మీతోని దాని ఫొటో ఒకటి పంపుండ్రి. అందరు సూసేటట్టు ఫేస్‌బుక్కుల పెడ్త."

"అందరు సూసేటట్టా? వద్దమ్మా, నీకు దండం వెడ్త!" అన్నాను. "ఇంట్ల మిరపకాయలు గూడ అయిపొయినయి."