నేను ఖాళీగా వదిలిన గడి

మా ఆయన అరచేయి రేకు కోసుకుని చీము పట్టింది. క్లినిక్‌లో ఫారం నింపింది నేనే. పేరు, వయసు రాశాను. ‘పడని మందులు’ అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. ఎనిమిదేళ్ల కిందట ఏదో ఇంజెక్షన్‌కు ఆయన ముఖం గుమ్మడికాయలా ఉబ్బి, ఊపిరాడక చచ్చి బతికారు. ఆ మందు పేరు నాకు తెలియదు. ఆయనైతే అది తిండి పడకనే అంటారు. తప్పు పేరు రాస్తే కొంప మునుగుతుందని భయపడ్డాను. ఖాళీ చూసి ఎవరో ఒకరు అడుగుతారులే అని వదిలేశాను. కౌంటర్లో ఆ ఫారం చూసి కంప్యూటర్లోకి ఎక్కించారు.

క్లినిక్ కంప్యూటర్లో నడిచేది మా అమ్మాయి రాసిన ప్రోగ్రామే. అందుకోసం తనే ఒక చిన్న కంప్యూటర్ భాష కూడా తయారుచేసుకుంది. అది ఎలా నడుస్తోందో చూడాలని మాతో వచ్చింది.

డాక్టరు గదిలోకి ఆయన వెళ్లినప్పుడు, బయట బెంచీ మీద మురిసిపోతూ చెప్పింది. “ఏదైనా వివరం లేకపోతే ఏం చేయాలో ఇదివరకు నాలుగు వరుసల కోడ్ రాయాల్సొచ్చేదమ్మా. ఇప్పుడు రెండు ప్రశ్న గుర్తులు చాలు. ఎడమవైపు ఖాళీ అయితే కుడివైపు ఉన్నది తీసుకుంటుంది.”

అప్పుడే బయటికొచ్చిన ఆయన నవ్వారు. “ఏదైనా తెలియకపోతే చాలు, మీ అమ్మకి కుడివైపు ఎప్పుడూ చావే రాసుంటుంది.”

ఇంజెక్షన్ గదిలో నర్సు సిరంజిలోకి మందు లాగింది. నా కళ్లు అక్కడి కంప్యూటర్ తెర మీద పడ్డాయి. ‘పడని మందులు: ఏమీ లేవు.’



“ఆగమ్మా. అది ఎవరు రాశారు?”

“మీరే కదండీ ఫారం నింపింది.” ఆమె అప్పటికే ఆయన భుజాన్ని దూదితో తుడుస్తోంది.

“నేనేమీ రాయలేదు. ఖాళీగా వదిలాను.”

“కానివ్వమ్మా,” అన్నారు ఆయన. “ఈవిడకి నేను తుమ్మినా అంబులెన్సే.”

నేను సిరంజికీ ఆయన భుజానికీ మధ్య చెయ్యి అడ్డం పెట్టాను. మాతో లోపలికొచ్చిన అమ్మాయి ఒళ్లో తన ల్యాప్‌టాప్ తెరిచి, ప్రోగ్రామ్‌లో వెతికి, ఒక వరుస దగ్గర ఆగిపోయింది. రెండు ప్రశ్న గుర్తులు, వాటి కుడివైపున ‘ఏమీ లేవు’.

“నేనే రాశానమ్మా,” అంది. “సిస్టర్, ప్లీజ్, ఆ మందు పక్కన పెట్టండి.”

పాత సంగతంతా చెప్పాను. డాక్టరు పాత ఆసుపత్రికి ఫోన్ చేశారు. ఆ కాగితాలు దొరకలేదు. దాంతో వేరే రకం మందు ఇప్పించి, గంటసేపు అక్కడే కూర్చోబెట్టారు. ఆ గంటా ఆయన పెదవులు ఉబ్బుతున్నాయేమోనని చూస్తూనే ఉన్నాను. ఏమీ కాలేదు. మొదటి మందు పడేదో పడేది కాదో ఈరోజుకీ తెలియదు.

“ఆ గుర్తు తీసేస్తావా?” అని దారిలో అడిగాను.

“తీయనమ్మా, చాలాచోట్ల పనికొస్తుంది. కానీ అడిగి తీరాల్సిన గడి మీద ఎవరైనా అది వాడితే ప్రోగ్రామ్ అసలు నడవదు. ఆ పట్టింపు భాషలోనే పెడతాను.”

వారం తర్వాత కట్టు మార్పించడానికి వెళ్లాం. తెర మీద ఆ గడి ఎర్రగా ఉంది. ‘ఇంకా అడగలేదు.’

“ఏ మందైనా పడదా అండీ?” అని నర్సు అడిగింది.

“ఒకటి పడదు. పేరు తెలియదు.”

ఆమె అలాగే టైపు కొట్టింది. కంప్యూటర్ ఆ జవాబు తీసుకుంది. కానీ మందు పేరు లేదు కాబట్టి ఎరుపు మాత్రం పోలేదు.

“దీనిక్కూడా మీ అమ్మ బుద్ధులే వచ్చాయే,” అన్నారు ఆయన, అమ్మాయితో.