బావ మింగేసిన మాటలు

ఏళ్ళ తరబడి మరమగ్గాల మోతలో పనిచేసేసరికి ఆమె చెవులు ముప్పాతిక వంతు పోయాయి. ఎదురుగా ఉన్నవాళ్ళ పెదవులు చూసి మాట పోల్చుకునేది. చెవి మిషను పెట్టుకుంటే తలపోటు. ఈ సంగతి చెల్లెలికి మాత్రం చెప్పలేదు. దూరాన ఉన్నది ఊరికే బెంగ పెట్టుకుంటుందని.

చెల్లెలు సరుకుల ఓడలో వంటమనిషి. ఓడ రేవు చేరినప్పుడల్లా మాటలు రికార్డు చేసి ఫోనుకి పంపేది. వినడం, జవాబు రాయడం ఆమె భర్త వంతు. అటు చెల్లెలు గుక్క తిప్పుకోకుండా మాట్లాడేది. ఇటు ఆయన అంతా విని, "బాగానే ఉందట" అని తేల్చేసేవాడు.

"అంతసేపూ అదే చెప్పిందా?"

"వంట ఎక్కువగా ఉందట. నిన్ను అడిగింది."

"నవ్విందా?"

"నవ్వే ఉంటుంది."

"ఉంటుందేమిటి? నవ్విందా, లేదా?"

ఆయన బుర్ర గోక్కునేవాడు. ఆమెకి కావలసింది కబురు కాదు. తల దువ్వి, జడ వేసి బడికి పంపిన పిల్ల "అక్కా" అంటూ చివర సాగదీసే ఆ దీర్ఘం కావాలి. ఎవరూ లేనప్పుడు ఫోను చెవికి గట్టిగా అదుముకుని కూర్చునేది. ఏదో కీచుమనేది, అంతే.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన హాల్లో మూలనున్న పాత ఆంప్లిఫయరు మీది గుడ్డ తీశాడు. పెళ్ళికి ముందు పాటల పిచ్చితో కొన్నది. రెండు పక్కలా నడుమెత్తు స్పీకర్లు. "దీంట్లో పెడితే వినపడుతుందేమో చూద్దాం" అన్నాడు. ఫోనుకి ఇయర్‌ఫోను రంధ్రం లేదని దుకాణం నుంచి ఫోనుకి తగిలించే చిన్న ముక్క ఒకటి, పొడుగు వైరు ఒకటి తెచ్చాడు. ఎరుపు, తెలుపు పిన్నులు ఆంప్లిఫయరు వెనక గుచ్చి, రెండో కొస ఆ ముక్కతో ఫోనుకి తగిలించాడు.

గుయ్‌మంది. తర్వాత గిన్నెల చప్పుడు, ఇంజను హోరు. మనిషి గొంతు మాత్రం లేదు.

"మీ చెల్లెలు అంట్లు తోమడం రికార్డు చేసి పంపిందా ఏం?" అంటూ వైరు తడిమి చూశాడు. ఫోను దగ్గర పిన్ను సగమే దిగింది; పాటల రోజుల్లోనూ అలా అయితే గొంతు పోయి వాయిద్యాలే మిగిలేవి. గట్టిగా నొక్కాడు.

"అక్కా..."

గొంతు ఇల్లంతా నిండింది. ఆమె చప్పున కింద కూర్చుని, రెండు అరచేతులూ స్పీకరు మీద ఆనించింది. అదే దీర్ఘం. మాటలు తెలియలేదు గానీ గొంతు తెలిసింది. ఆ మధ్యలో వచ్చింది నవ్వే.

ఆయన మళ్ళీ మొదటికి తిప్పి, ఎదురుగా చతికిలబడి, ప్రతి మాటకీ శబ్దం లేకుండా పెదవులు కదపడం మొదలుపెట్టాడు. గొంతు చెల్లెలిది, పెదవులు భర్తవి. ఉప్పు ఎక్కువైన పులుసు, దాన్ని మెచ్చుకుంటూ తిన్న కెప్టెను, అన్నీ ఆమెకి అందుతున్నాయి. ఇంతలో ఆ పెదవులు ఆగిపోయాయి. స్పీకరు ఆమె చేతుల కింద అదురుతూనే ఉంది.

"ఆపారేం?"

"అంతే. అయిపోయింది."

"అయిపోతే ఇంకా మాట్లాడుతోందేం?"

ఆయన తల దించుకున్నాడు. మళ్ళీ ఎత్తి, పెదవులతో చెప్పాడు. "బావా, అక్కకి నా మీద కోపమా? ఒక్క మాటైనా మాట్లాడదేం?"

"ఎప్పటి నుంచి అడుగుతోంది?"

"ప్రతిసారీ. నువ్వు బాధపడతావని చెప్పలేదు."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "రికార్డు నొక్కండి."

తన గొంతు ఎంత పైకి పోతుందో తెలియక ఆమె మనుషులతో మాటలు తగ్గించేసి చాలాకాలమైంది. ఇప్పుడు అరిచినట్టే చెప్పింది. "చెల్లీ, కోపం కాదే. నాకు చెవులు పోయాయి. నువ్వు చెప్పేదంతా మీ బావ రెండు ముక్కల్లో తేల్చేస్తున్నారు. ఎప్పుడొస్తావే?" ఆయన తగ్గించమని చెయ్యి ఊపుతున్నా ఆగలేదు.

ఓడ అప్పటికే రేవు వదిలింది. జవాబు కోసం ఆమె రోజూ ఫోను తీసి చూసుకునేది.

నెల దాటాక వచ్చింది. వైరు ఆమే తగిలించింది. ముందు ఏడుపు. దానికి ఆయన పెదవులు కదపనక్కర్లేకపోయింది. తర్వాత మాటలు. ఆయన ఒకచోట తడబడ్డాడు. ఆమె కళ్ళలోకి చూసి, ఈసారి మింగకుండా చెప్పేశాడు. "సెలవు ఇవ్వలేదక్కా. ఈ ఏడు రాలేను."

ఆమె స్పీకరు మీది నుంచి చేతులు తీయలేదు.

"మళ్ళీ పెట్టండి."

"ఆ మాట కూడానా?"

"మొత్తం" అంది.