ఒకవేళ, ఎందుకంటే

పొద్దున్నే కొళాయి నీళ్ళు పట్టుకుని, పాలు కాచి, క్యారియర్ కట్టుకున్నాక బడికి బయలుదేరేలోపు పద్మజకు కాస్త పొద్దు మిగిలేది. అప్పుడు వరండా మెట్టు మీద కూచుని, టీ గ్లాసు పక్కన పెట్టుకుని, ఫోన్లో తన వెబ్‌సైట్ తెరిచి చూసుకునేది. పెనుకొండ హైస్కూల్లో ఆమె బయాలజీ టీచరు. వెబ్‌సైట్ పేరు 'ఎందుకంటే'. మామూలు జనం కోసం రాసిన సైన్సు పుస్తకాలు చదివి, వాటిలో ఏముందో, ఎంత బాగుందో తెలుగులో రాసేది. చదివేవాళ్ళు ఎక్కువమంది లేరు. కడపలో ఒక రిటైర్డు హెడ్మాస్టరు, బెంగుళూరులో ఉద్యోగాలు చేసుకునే కొందరు పిల్లలు, ఇంకా మల్లిక.

మల్లిక ఆమె కూతురు. పదేళ్ళ వయసులో, వానాకాలంలో, డెంగీ జ్వరం వచ్చి చనిపోయింది. పోయిన మరుసటేడు నుంచి కామెంట్లు రాస్తోంది.

ఎదురింటి రామసుబ్బమ్మ బిందె చంకన పెట్టుకుని పోతూ అడిగేది. "ఏమ్మా, పాప ఏమన్నా రాసిందా?"

"రాసింది పెద్దమ్మా. ఎర్రగడ్డ కోస్తే కండ్లల్లో నీళ్ళు ఎందుకొస్తాయో మొన్న రాసినాను కదా. వాళ్ళకాడ ఎన్ని కోసినా కండ్లు మండవంట."

"పోనీలే, బిడ్డకు ఆ బాధన్నా లేదు," అని రామసుబ్బమ్మ తన దారిన తాను పోయేది.

మల్లిక నాన్న మంజునాథ్ హిందూపురంలో ఉండేవాడు. పద్మజకు మేనత్త కొడుకు. చిన్నప్పటి నుంచి బావా అని పిలిచిన మనిషినే పెళ్ళి చేసుకుంది. విడిపోయేటప్పుడు కూడా వాళ్ళిద్దరూ గట్టిగా ఒక మాట అనుకోలేదు. చుట్టాలెవరికీ అదే అర్థం కాలేదు.

జరిగింది ఇది. మల్లిక జ్వరం దిగి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు ఇల్లంతా సంబరపడింది. మంజునాథ్ పోయి దోసెలు కట్టించుకొచ్చాడు. మల్లిక ఒకటి తిని, రెండోది నాయనకు పెట్టింది. ఆ సాయంత్రానికే చేతులు కాళ్ళు చల్లబడిపోయాయి. ఆ జబ్బులో జ్వరం దిగే సమయమే గండమని పద్మజ తర్వాత పుస్తకాల్లో చదివింది. రక్తనాళాల గోడల్లోంచి నీరెలా కారిపోతుందో, గుండె ఎందుకు అలిసిపోతుందో, అంతా చదివింది. చదివింది చదివినట్టు అన్నం దగ్గర చెప్పేది. చెబితే తప్ప ఆమెకు ముద్ద దిగేది కాదు. వింటే మంజునాథ్‌కు దిగేది కాదు. కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయేవాడు.

ఆయన చదివేవి వేరే పుస్తకాలు. ఇంకో గ్రహం, ఇంకో కాలం, మనం నడిచిన దారి పక్కనే మనం నడవని దారి. "ఒకవేళ ఆ పొద్దు మనం ఆసుపత్రిలోనే ఉండుంటే... అట్లాంటి లోకం ఒకటి యాడో ఉండుంటాది పద్మా. ఆడ అది ఈపాటికి ఆరో తరగతి పుస్తకాలకు అట్టలేసుకుంటా ఉంటాది," అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా పద్మజకు బిడ్డ మళ్ళీ పోయినట్టుండేది. ఆమెకు కారణం కావాలి. ఆయనకు ఇంకో దారి కావాలి. ఒకరు ఊరట కోసం పట్టుకున్నది ఇంకొకరికి పుండు మీద కారం. చివరికి ఆయన హిందూపురంలో ఒక మిల్లు స్టోర్సులో పని చూసుకుని, అక్కడే గది తీసుకున్నాడు. తన పుస్తకాల గురించి రాసుకోవడానికి ఒక వెబ్‌సైట్ పెట్టుకున్నాడు. దాని పేరు 'ఒకవేళ'.

రెండూ చూసుకునేది తన్వీరే. హిందూపురం స్టేషన్ రోడ్డులో కంప్యూటర్ సెంటరు నడుపుతాడు. కామెంట్లు ముందు అతని దగ్గరికి వస్తాయి, చూసి వదులుతాడు. మొదటిసారి మల్లిక రాసినప్పుడు మంజునాథ్‌కు ఫోన్ చేసి, "అన్నా, పాప కామెంట్ పెట్టింది. ఓకే కొట్టినా," అన్నాడు. తర్వాత పద్మజకూ చేశాడు. "అక్కా, నీ దాంట్లో గూడా పెట్టింది. తప్పులుండాయి, దిద్దల్లా?"

"వద్దు తన్వీర్. అట్లే ఉండనీ."

తప్పులు వాటంతట అవే తగ్గాయి. మల్లిక పెరిగింది. తోకచుక్క మీద ఇల్లు కట్టుకున్న కుటుంబం నవల గురించి నాన్న రాస్తే, 'ఆ ఇంటి కుక్క ఏమైందో చెప్పలేదే నాయనా' అని అడిగిన పిల్ల, రెండేళ్ళు తిరిగేసరికి 'ఈ రచయిత ఆడవాళ్ళను సరిగా రాయలేదు' అనే దాకా వచ్చింది. ఒకసారి అమ్మ రాసిన దాని కింద మాత్రమే, 'అమ్మా, నాయన చూసే చోట అడగలేను, ఈడ అడుగుతాండా' అని మొదలుపెట్టి, ఆడపిల్ల తల్లినే అడిగే మాట ఒకటి అడిగింది. పద్మజ ఆ రోజు బడికి సెలవు పెట్టి, విడమరిచి జవాబు రాసింది. ధర్మవరంలో ఉండే పద్మజ తల్లి కౌసల్యమ్మ ఆ కబురు విని, ఈడేరిన పిల్లకు చేసినట్టే నువ్వులు బెల్లం దంచి చిమ్మిలి చేసి, మగ్గాల వీధి అంతా పంచింది. చేతిలో పెట్టిన చిమ్మిలి చూసి, "మల్లికకా? ఎంత తొందరగా ఎదిగిందమ్మా," అని అందరూ తిన్నారు. హిందూపురంలో మంజునాథ్‌కు ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాతి ఏడాది మల్లిక మాటలు తెగిపోవడం మొదలైంది. 'అమ్మా, వెలుతురు పాతదైతే మనం చూసే చుక్క' అని ఇక్కడ ఆగిపోయేది. 'అప్పటికే లేకపోవచ్చు కదా నాయనా' అని అక్కడ రాసేది. రెండు వైపులా సగం సగం. చదివేవాళ్ళకు ఏమీ అర్థమయ్యేది కాదు.

బిడ్డ పోయిన తిథికి ఏటా ఇద్దరూ ధర్మవరం వస్తారు. ఆ ఏడాది భోజనాలయ్యాక కౌసల్యమ్మ రాట్నం ముందర కూచుని, దారం చుట్టుకుంటూనే అడిగింది.

"ఏమప్పా మంజూ, నీ దానికీ దీని దానికీ మధ్యన ఎంత దూరముంటాది?"

"దూరమంటూ ఏముండదత్తా. అదంతా ఇంటర్నెట్టు."

"ఉండాది. బిడ్డ మాట సగంలో ఆయాసపడతాంది. ఈడ కొంచేపు, ఆడ కొంచేపు తిరగలేక అలిసిపోతాంది. మీరు కలిసి ఉండండి అని నేను చెప్పను. అది మీ ఇష్టం. అది వచ్చి కూచునే చోటన్నా ఒకటి చేయండి."

పద్మజ తల పైకెత్తకుండానే అంది. "నేను రాసేది జరిగింది. బావ రాసేది జరగంది. రెండూ ఒకచోట పెడితే ఏది నిజమో ఎట్లా తెలుస్తాదమ్మా?"

"దాన్నడిగితే చెప్తాది," అంది కౌసల్యమ్మ.

మంజునాథ్ గోడవైపు చూస్తూ, "నాకేం అడ్డం లేదు," అన్నాడు.

తన్వీర్ వారంలోపే రెండూ కలిపేశాడు. పేరు దగ్గర తంటా వచ్చింది. ఏది ముందు పెట్టినా రెండోవాళ్ళకు బాధ. చివరికి అతనే తేల్చాడు. "ఎవరైనా ముందు ఒకవేళ అనుకుంటారక్కా, ఆమీదటే కదా ఎందుకంటే అనేది." అట్లా 'ఒకవేళ, ఎందుకంటే' అయింది. ఒకే పేజీలో ఆమె చదివిన మట్టి వాసన పుస్తకం పక్కనే ఆయన చదివిన మట్టే లేని లోకం నవల. మల్లిక మాటలు మళ్ళీ నిండుగా వచ్చాయి. ఇద్దరినీ కలిపి ఆట పట్టించేది. పద్మజ మొదటిసారి మంజునాథ్ రాసింది చివరిదాకా చదివింది. ఇంత నెమ్మదైన మనిషా ఈయన అనుకుంది. ఆ మాట ఫోన్ చేసి చెప్పలేదు.

ఎండలు ముదిరే రోజుల్లో ఒకనాడు స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో ఆమె వేలికి గట్టిగా తగిలింది. నొప్పి లేదు. కదపబోతే కదల్లేదు. పదో తరగతి ఆడపిల్లలను కూచోబెట్టి, ఏం చూసుకోవాలో, ఎప్పుడు ఆసుపత్రికి పోవాలో ఏటా చెప్పేది ఆమే. తనకు తెలియంది ఏమీ లేదు. చెంబు కింద పెట్టి చాలాసేపు అట్లాగే నిలబడింది. భయం రాలేదు. ఎన్నాళ్ళుగానో అడుగుతున్న సెలవు దొరికినట్టు అనిపించింది. ఆ పిల్ల ఉన్నచోటికి పోవడానికి తాను ఏమీ చేయనక్కర్లేదు, ఊరికే ఉంటే చాలు.

ఊరికే ఉండిపోయింది. ఎవరికీ చెప్పలేదు. బడికి పోయింది, పేపర్లు దిద్దింది, ఇంట్లో ఉన్న మంచి చీరలు ఒక్కొక్కటీ బయటికి తీసి కట్టింది. "ఈ మధ్య మొహంలో కళ వచ్చిందమ్మా," అని రామసుబ్బమ్మ కూడా అంది. వానలు పడేనాటికి చంకలో కూడా ఒక గడ్డ తేలింది.

అప్పుడే ఆమె ఒక పుస్తకం గురించి రాసింది. ఒంట్లో చావడం మరిచిపోయిన కణాల గురించిన పుస్తకం. చాలా బాగా రాసింది. కడప హెడ్మాస్టరు మెచ్చుకున్నాడు. మరునాడు మధ్యాహ్నం స్టాఫ్ రూములో క్యారియర్ విప్పుకుంటూ ఫోన్ చూసింది. మల్లిక రాసింది.

'అమ్మా, ఇది రాసేటప్పుడు నీ చెయ్యి యాడ పెట్టుకున్నావో నాకు తెలుసు. డాక్టరుకు చూపించలేదు. నాకాడికి రావాలని కూచున్నావు. రావద్దు. ఈడ నా చదువైపోయింది. ఇంకా దూరం పోతాండా. నువ్వొచ్చేసరికి నేనీడ ఉండను.'

పద్మజ రెండుసార్లు చదివింది. అన్నం మీద మూత పెట్టేసి, వరండాలోకి వచ్చి తన్వీర్‌కు ఫోన్ చేసింది.

"అది తీసేయ్ తన్వీర్. వెంటనే."

"పొద్దున్నే చూసినాక్కా. ఓకే కొట్టడానికి చెయ్యి రాలేదు. కానీ పాప ఎప్పుడూ దాచిపెట్టే మాట రాయలేదు. అందుకే కొట్టినా. అన్న చదివినాడు. బండెక్కి గంటయింది."

అంటే ఇంతకుముందు లాగా రెండు వేర్వేరుగా ఉంటే ఆయన చదివేవాడు కాదు. 'ఎందుకంటే' వైపు ఆయన ఒక్కసారి కూడా తొంగిచూసినవాడు కాదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

బడి గేటు దగ్గర మంజునాథ్ మిల్లు చొక్కాతోనే నిలబడి ఉన్నాడు. వానకు తడిసి చొక్కా ఒంటికి అంటుకుంది. ఆమె బయటికి రాగానే ఎదురొచ్చి అడిగాడు.

"ఎన్నాళ్ళయింది?"

"ఎండాకాలం నుంచి."

"పద్మా!"

"ఏం చేయమంటావు బావా? నాకు పోవాలనుండాది. ఎవరికి నష్టం? నాకు ఆడ బిడ్డ ఉండాది."

"లేదు," అన్నాడు. "చెప్పింది కదా, ఉండనని."

ఆ మాటకు ఆమె తట్టుకోలేకపోయింది. గేటు కమ్మీ పట్టుకుని, బడి పిల్లలు చూస్తున్నారని కూడా చూడకుండా ఏడ్చింది. బిడ్డ పోయిన రోజు కూడా అట్లా ఏడవలేదు. ఆ రోజు అందరూ ఆమె చేతులు పట్టుకున్నారు. ఈ రోజు మంజునాథ్ ఒక్కడే, పట్టుకోవచ్చో లేదో తెలియక, పక్కన నిలబడ్డాడు. ఏడుపు నెమ్మదించాక ఆమే అంది.

"నేను పోయి ఏం చేయాల ఇంక?"

"నాకు తెలీదు. ముందు చూపించుకుందాం. ఈసారి పొద్దు పోనీయను."

ఆ రాత్రే బెంగుళూరు రైలెక్కారు. పెట్టెలో జనం తక్కువ. పెనుకొండ కొండ వెనక్కి పోయింది. హిందూపురం దాటింది. మంజునాథ్ దిగాల్సిన ఊరు అది. దిగలేదు.

"ఆ జబ్బు గురించి నీకు తెలిసిందంతా చెప్పు," అన్నాడు. "అప్పుడు నేను వినలేదు. ఇప్పుడు వింటా."

ఆమె చెప్పింది. గడ్డ ఏమిటో, చంకలోకి ఎందుకు పోతుందో, ఏమేం చేస్తారో, దేనికి ఎంత ఆశ పెట్టుకోవచ్చో. ఆయన మధ్యలో లేవలేదు. ఆమె చెప్పడం అయ్యాక కిటికీలోంచి చీకట్లోకి చూస్తూ అడిగింది.

"ఇంకా దూరం అంటే యాడికి పోతాంటుంది బావా? నీకేమనిపిస్తాది?"

ఆయన ఒక ఊరు చెప్పాడు. అక్కడి వెలుతురు, అక్కడి బడి, హాస్టల్లో మల్లిక పక్క మంచం పిల్ల పేరు, ఆ పిల్లకు వచ్చే గురక. పద్మజ ఏ మాటకూ అడ్డం చెప్పలేదు. వింటూ వింటూ ఆయన భుజం మీద నిద్రపోయింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ రిపోర్టులు చూసి, ఇంకో రెండు నెలలు ఆలస్యం చేసుంటే తన చేతిలో ఏమీ ఉండేది కాదని చెప్పింది. ఆపరేషన్ చేశారు. మందులు ఎక్కించడం మొదలుపెట్టారు. జుట్టు రాలిపోయింది. కౌసల్యమ్మ వచ్చి, మెత్తటి నూలు గుడ్డ తలకు చుట్టి పోయింది.

మల్లిక మళ్ళీ రాయలేదు. ఒక రోజు వార్డు బయట బెంచీ మీద తమ వంతు కోసం కూచున్నప్పుడు మంజునాథ్ ఫోన్ తీశాడు. ఇద్దరూ కలిసి, ఆమె చెబుతుంటే ఆయన రాస్తూ, మల్లిక ఆఖరి మాటల కింద జవాబు పెట్టారు.

'బిడ్డా, జాగ్రత్తగా పో. కొత్తచోట మొదట్లో కడుపు నిండా తినబుద్ధి కాదు, అయినా తిను. తల తడిగా పెట్టుకుని పడుకోవద్దు. చదువు నీకు నచ్చిందే చదువు. మా గురించి దిగులు పెట్టుకోవద్దు. వీలైతే రాయి, కాకపోతే పర్లేదు. మీ అమ్మ, మీ నాయన.'

తన్వీర్ వెంటనే వదిలినట్టున్నాడు, పేజీలో కనిపించింది. ఇద్దరూ దాన్ని చూస్తూ కూచున్నారు. కింద ఏమీ రాలేదు. చాలాసేపు చూశాక పద్మజే చెయ్యి చాపి ఫోన్ ఆర్పేసింది.

లోపలి నుంచి నర్సు ఆమె పేరు పిలిచింది. పద్మజ మంజునాథ్ చెయ్యి ఆసరా చేసుకుని లేచి నిలబడి, "వస్తాండా," అంది.